డాక్టర్‌కు నేను చెప్పిన మాట

అక్కా,

నీ నొప్పి గురించి డాక్టర్‌కు నేను చెప్పింది తప్పని ఈ ఉదయం పదిన్నరకు తెలిసింది. నువ్వు పోయి రెండేళ్లయింది.

క్యాన్సర్ నొప్పికి మందులిచ్చే విభాగం మీద వార్త రాయడానికి నిజామాబాద్‌లో ఒక ఆస్పత్రికి వెళ్లాను. నవీపేట్ నుంచి వచ్చిన గంగవ్వ డాక్టర్ ముందు కూర్చుంది. ఆమె నోరు తెరిచేలోపే కూతురు అందుకుంది: "ఏం నొప్పి సార్? పొద్దంత బీడీలు జేస్తనే ఉంటది."

నిన్ను డాక్టర్‌కు చూపించిన రోజు నేనన్నదీ అదే. "ఒళ్లోంచి బీడీల చేట దించదు, మరీ అంత నొప్పి లేదు" అన్నాను. కళ్లతో చూసిందే చెప్పాననుకున్నాను. డాక్టర్ పాత మాత్రలే రాశాడు. బోధన్ నుంచి బస్సులో వస్తూ దారంతా నువ్వు ఒక పక్కకే ఒరిగి కూర్చున్నావు. అదీ నేను చూసిందే. అది చెప్పలేదు.

గంగవ్వ కూతురి వైపు చూసి నవ్వింది. "ఓ పిల్లా, నొప్పంటే మూల్గుడేనా? చేతులు ఆగితే పానమంత గా నొప్పి కాడికే పోతది. గందుకే జేస్త. నీకేం ఎర్క!"

అంత నొప్పిలో బీడీలు ఎందుకు చుడుతున్నావని నిన్ను నేను ఒక్కసారీ అడగలేదు. ఊళ్లోవాళ్లందరినీ ప్రశ్నలడగడం నా ఉద్యోగం.

డాక్టర్ మందు మార్చి, గురువారం పదింటికి మళ్లీ రమ్మన్నాడు. ఆ రోజు కూతురికి వీలుకాదట. తోడు వస్తానన్నాను.

"రా బిడ్డా, గని డాక్టర్‌కు నేనే జెప్త" అంది గంగవ్వ.

గురువారం ఎనిమిదింటికి నవీపేట్ బస్టాండ్‌లో ఆమెను కలవాలి.