గ్రీకు వీరుల కంకణాలు ఏడు

సోమవారం, ఉదయం 6:10
మనవరాలు వాలీబాల్ జట్టు మానేస్తుందట! నిన్న ఓడిపోయారట. సగంలో వదిలేసేవాళ్ళు ఈ ఇంట్లో లేరన్నాను.
"అయితే నువ్వేదైనా కొత్తది మొదలుపెట్టి పూర్తిచెయ్యి నానమ్మా. అప్పుడు నేనూ ఆడతాను."
గడుసుది. సరే, పందెం. వచ్చే ఆదివారం ఆటలోగా జట్టులోని ఏడుగురికీ తోలు కంకణాలు, ప్రాచీన గ్రీకు యోధుల తరహావి, నా చేత్తో చెక్కి ఇస్తాను. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, ఏడు తోలుముక్కలు నాకొక లెక్కా!

సాయంత్రం 5:00
తోలు: ఒక చుట్ట. ఉలి, సుత్తి, నొక్కుడు బటన్లు. ఏడుగురి మణికట్ల కొలతలు మనవరాలు రాసుకొచ్చింది.

మంగళవారం, 9:00
ఏడు పట్టీలూ కొలతకు కత్తిరించాను. ఒక్క మిల్లీమీటరు తేడా లేదు!
కోడలు: "అత్తయ్యా, ముందు ఒకటి చేసి చూసుకోరాదూ?"
సలహాలు అడిగినప్పుడు చెప్పమన్నాను.

బుధవారం, 11:30
తోలు తడిపి చెక్కాలని చెప్పులు కుట్టే ఆయన చెప్పాడు. ఆయన చెప్పేదేమిటని పొడిగానే చెక్కాను. వీరుడి శిరస్త్రాణం మరచెంబులా వచ్చింది.
"బాగుందండీ, మూతి కూడా కుదిరింది" అంది కోడలు.

గురువారం, 4:00
చెక్కడం పూర్తయినవి: రెండు. కళ్ళజోడు పాతది. వెలుతురు చాలదు. సుత్తి బరువెక్కువ. ఇవి సాకులు కావు, కారణాలు. ఆ గ్రీకులకు యుద్ధాలు చేసే తీరిక ఎలా దొరికిందో!

శుక్రవారం, 10:00
చెక్కడం ఆపాను. ప్రాచీనులు ఎక్కువగా సాదా కంకణాలే కట్టి ఉంటారు. ఇది నా పరిశోధన.

శనివారం, 4:30
బటన్లు బిగించబోయి పట్టీని మనవరాలి మణికట్టుకు చుట్టాను. అంచుకు అంచు తగిలింది. అంతే! ఒకదానిమీద ఒకటి ఎక్కితేగా బటన్ పడేది! ఏడూ అంతే. నా కొలతలో తప్పు లేదు, తప్పు లేకపోవడమే తప్పు.
"ఓడిపోయావా నానమ్మా?"
అవునన్నాను. కోడలు వంట ఆపి మరీ విన్నది.
"అయితే రేపు నేను వెళ్ళను. పందెం పందెమే."

ఆదివారం, 7:15
ఆట పదకొండింటికి. పిల్ల దుప్పటి ముసుగు తీయలేదు. నిన్న సాయంత్రం తెచ్చిన కొత్త తోలు తడిపి, ఆమె మంచం పక్కనే కూర్చుని సుత్తి అందుకున్నాను.
"అబ్బా! ఓడిపోయావుగా, మళ్ళీ ఎందుకు?"
"ఓడింది నిన్న."
ఠక్. ఠక్. ఠక్.
"ఇవెప్పటికవుతాయి?"
"వచ్చే ఆటకు."
దుప్పటి ముసుగు పక్కకు జరిగింది. "వచ్చే ఆటంటే... ఇవాళ్టిది గెలవాలిగా ముందు!" అని విసుక్కుంటూ లేచి, బూట్లు వెతుక్కుంది.

9:40
పిల్ల వెళ్ళింది.
మళ్ళీ మొదటి రోజు. చేయాల్సిన కంకణాలు: ఏడు. కొలతకు అంగుళం అదనం. ఈసారి శిరస్త్రాణం కాదు, ఈటె. ఒక్క గీత గీస్తే సరిపోతుంది.