హీలర్ చేతికి కత్తి

ఆదివారం రాత్రి, హామిల్టన్

మేం ఆడే ఆన్‌లైన్ యుద్ధం గేమ్ కొత్త అప్‌డేట్‌లో హీలర్ల బలాన్ని సగానికి తగ్గించేశారు. ఈ దేశం వచ్చినప్పటి నుంచీ గేమ్‌లో నేను ఎంచుకునే పాత్ర, అంటే క్లాస్, అదే. రూమ్మేట్ నవీన్ కత్తి పట్టుకుని ముందు నిలబడతాడు, నేను వెనక నుంచి వాడి గాయాలు మాన్పుతుంటాను. ఆడేవాళ్ల గోడు ఆ కంపెనీకి ఎప్పుడు పట్టింది కనుక!

అంతకంటే ఒళ్లు మండిన సంగతి ఇంకోటి ఉంది. వేర్‌హౌస్ షిఫ్ట్ నుంచి వచ్చి లాగిన్ అయితే నా క్యారెక్టర్ చేతిలో కత్తి! నా పాస్‌వర్డ్ తెలిసినవాడు నవీన్ ఒక్కడే.

"క్లాస్ మార్చేముందు నన్ను అడగవా?" అన్నాను.

వాడు పెరుగన్నం కలుపుతూ, తలెత్తకుండానే చెప్పాడు. "హీలర్‌కి ముందట ఒకడుండాలె గదరా. ఈ అప్‌డేట్‌తోని ఒక్కడివైతే రెండు నిమిషాలు గూడ బతకవు. నేను ఎడ్మంటన్ పోయినంక నీ ముందట ఎవడు నిలబడ్తడు?"

అక్కడ ఉద్యోగం వచ్చిందని వాడు చెప్పిన రోజు పార్టీ చేసుకున్నాం. వెళ్లిపోయే మాట మాత్రం ఇవాళ్టిదాకా ఇద్దరం ఎత్తలేదు. ఈ బేస్‌మెంట్‌లో నేనొక్కణ్ణే...

వాడు పడుకున్నాక మళ్లీ హీలర్‌గా మార్చేసుకున్నాను, ఇక్కడున్నన్నాళ్లూ వాడి వెనకే ఆడదామని. ఎడ్మంటన్ వెళ్లాక వాడికి ఆడే తీరిక ఉంటుందో లేదో.

పాస్‌వర్డ్ మాత్రం మార్చలేదు.