ఎంత దూరం వినపడుతుంది

నాయనా,

నీ తద్దినానికి సెలవు పెట్టి ఊరికి వచ్చాను. పొద్దున చేలో ఆడుతున్న ఆయిల్ ఇంజను పక్కన కూర్చొని, ఆ మోతలోనే చిన్నాయన గట్టిగా అడిగాడు.

"నేవీలో నీ పని ఏందప్పా?"

చెప్పాను. ఓడ అడుగున గాలాడని గదిలో, మేము చప్పుడు చేయకుండా, నీళ్ల కింద వచ్చే జలాంతర్గామి సద్దు కోసం వింటాం. ఏ రోజు ఎంత దూరం వినపడుతుందో ముందే అంచనా కట్టేది నేను. ఒడ్డు దగ్గర అలల హోరు, పడవల ఇంజన్లు, శెనక్కాయలు వేయించినట్టు చిటపటలాడే రొయ్యలు. అక్కడ జలాంతర్గామి పక్కకొచ్చినా తెలియదు.

"ఏమీ వినపడకపోతే ఎవురూ ల్యారనే కదా?"

"కాదు చిన్నాయనా. మన చెవికి అందలేదని. ఇంజన్లు ఆపి మళ్లీ వింటాం."

బీడీ వెలిగించబోయి ఆగిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. లోతు చేస్తున్న బావి నీ మీద కూలిన రోజు, ఈ ఇంజను ఇట్లే ఆడుతుండగా, ఆడవాళ్లు ఏడుస్తుండగా, మట్టికి చెవి ఆనించి "సద్దే ల్యాదు, అన్న అయిపోయినాడు" అన్నది ఆయనే. ఆ మాట మీదే బావి పూడ్చేశారు.

ఆయన లేచి పోయి ఇంజను ఆపాడు. నిన్ను పూడ్చిన చోట మోకాళ్ల మీద వంగి నేలకు చెవి పెట్టాడు. తద్దినానికి పొద్దుపోతోందని అమ్మ పిలవడానికి వచ్చింది.

ఆయన తలెత్తకుండానే చెయ్యి చూపించాడు.

"గమ్మునుండు వదినా. వింటాండా."