నీళ్లు రాలేదు

వెల్లింగ్టన్, ఏప్రిల్ 3
ప్రియమైన హుయాకి,
నేను ప్రోగ్రాం రాసిన వరద సైరన్‌ని వచ్చే వారం మీ ఊళ్లో, వైపుకా లోయలో పెడుతున్నారు. నీళ్లు ఏ గుర్తు దాటితే మోగాలో అదే నేర్చుకుంటుంది, మార్చుకుంటుంది. మోగినప్పుడల్లా నువ్వు ఏటిగట్టుకి వెళ్లి చూసి, ఫోన్‌లో "వచ్చాయి" అనో "రాలేదు" అనో నొక్కాలి. "రాలేదు" అంటే అది గుర్తుని కాస్త పైకి జరుపుకుంటుంది. చిన్నప్పటి నుంచీ నీ మాట నమ్మినదాన్ని, అందుకే నీ పేరిచ్చాను.
నీ మరామా

వైపుకా, సెప్టెంబరు 12
ప్రియమైన మరామా,
మొదట్లో నాలుగు చినుకులకే ఊళ పెట్టేది. ఇప్పుడు నెమ్మదించింది. గట్టు కింద ఇంటి పీటా పెద్దాయన, "నీ నేస్తం యంత్రం నా ముసలి కుక్కలా అయిందే, మొరగడానికి బద్ధకం" అని ఒకటే ఎగతాళి. గొర్రెలు ఈనుతున్నాయి. మా ఆయన నడుం పట్టేసి మంచం దిగడం లేదు. నాకు తినడానికి కూడా తీరిక లేదనుకో.
నీ హుయా

వెల్లింగ్టన్, అక్టోబరు 20
హుయా,
పీటాగారి అంత్యక్రియల్లో వెనక వరసలో కూర్చుని, నిన్ను కూడా కలవకుండా వచ్చేశాను. వరద వచ్చిన ఉదయం నీళ్లు మొదట పెట్టిన గుర్తు దాటిన నలభై నిమిషాలకి గానీ సైరన్ మోగలేదు. అప్పటికే ఆయన ఇంట్లో చిక్కుకుపోయారు. ఆరు నెలల్లో అది తన గుర్తుని ముప్పావు మీటరు పైకి జరుపుకుంది. అలా జరుపుకోనిచ్చింది నేను. తప్పు నాదేనని విచారణ సంఘానికి రాసిచ్చాను. ఈ పని ఇక మానేస్తున్నాను.
మరామా

వైపుకా, అక్టోబరు 26
మరామా,
మానకు. ఇది చదివాక నా మొహం చూస్తావో లేదో నీ ఇష్టం. వరదకి ముందు సైరన్ పదకొండుసార్లు మోగింది. తొమ్మిదిసార్లు నేను గట్టుకి వెళ్లలేదు. గొర్రెల దగ్గరే నిలబడి "రాలేదు" అని నొక్కేశాను. ఓసారి మర్నాడు పీటాగారి కంచెకి బురద కనిపించింది కూడా. నోరు మెదపలేదు. నిన్న ఆయన కూతురు మెరెయానాకి అంతా చెప్పేశాను. విన్నాక తను అంది: "మోగిన ప్రతిసారీ నాన్న బయటికెళ్లి చూసేవాడక్కా. ఒక్కమాట అడిగుంటే చెప్పేవాడుగా."
హుయా

వెల్లింగ్టన్, నవంబరు 1
ప్రియమైన హుయా,
నాకు ముందే తెలుసు. సైరన్ మోగిన ఎనిమిది సెకన్లకే నువ్వు నొక్కినట్టు ఇక్కడ నమోదై ఉంది. అంతలో గట్టు ఎవరు చేరగలరు? నిన్ను కాపాడాలని దాచాను. కానీ ఆ తొందరని అనుమానించడం యంత్రానికి నేర్పనిది నేనే.
గురువారం విచారణలో మొత్తం చెప్తాను. నువ్వూ రా. పని మానడం లేదు. ఇకనుంచి ఆ గుర్తు తనంతట తాను కిందికి దిగొచ్చు గానీ, పైకి జరగాలంటే ఇద్దరు గట్టుకెళ్లి చూసి ఒప్పుకోవాలి. ఒక పేరు మెరెయానాది. తన పేరు రాయమని తనే ఫోన్ చేసి అడిగింది. రెండోది ఎవరిది రాయమంటావని అడిగితే, నీ పేరు చెప్పింది.
నీ మరామా