ఎడమవైపు ఏడో పలక

బేపూర్,
13 జనవరి 2003, సోమవారం.

చిరకాల మిత్రుడు ఆలిక్కోయకు,

రారిచ్చన్ మేస్త్రి నమస్కారాలు, సలాములు. తానూరులో కూతురి దగ్గర నువ్వూ కదీశుమ్మా చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మాళుకి మోకాళ్ళ నొప్పులు, నాకు కొత్త కళ్ళజోడు. అంతకుమించి చెప్పుకోదగ్గ జబ్బులేమీ లేవు. పంతొమ్మిదేళ్ళ తర్వాత నా పేరు చూస్తే చదవకుండానే చించేస్తావేమోనని కవరు వెనక పేరు రాయలేదు. ఏమనుకోకు.

నేను పని మానేసి ఆరేళ్ళయింది. చేతులు ఊరుకోక చిన్న ఓడలు చేస్తున్నాను. బొమ్మలనకు. అడుగుకు పావంగుళం చొప్పున, నూట ఇరవై అడుగుల ఓడ ముప్పై అంగుళాల్లోకి దిగాలి. అసలు ఓడలో ఎన్ని పలకలుంటే దీన్లోనూ అన్ని ఉండాలి. మేకులకు బదులు గుండుసూదులు తుంచి కొడతాను. "ఓడలు చేసి పెళ్ళాన్ని పోషించిన మనిషి, ఇప్పుడు పెళ్ళాం సూదులు ఎత్తుకుపోయి ఓడలు చేస్తున్నాడు" అని మాళు పక్కింటివాళ్ళకి చెప్పి నవ్వుతుంది. ఇప్పటికి నాలుగయ్యాయి.

ఐదోది మన నూరా.

షార్జా సేటు కోసం కుంజహమ్మద్ హాజీ కట్టించిన ఆ ఓడకి చెక్కపని నాది. పలకల సందుల్లో నూనెలో నానిన దూది కుక్కి, చుక్క నీరు చొరకుండా చేసే పని నీది. మీ తాత, మీ బాప్ప, నువ్వు, మూడు తరాల చెయ్యి. నీట దించిన మూడో రోజున నూరా నది మొగలో ఎడమవైపుకి ఒరిగింది. ఇరవైమంది ఖలాసీలు బకెట్లతో తోడితే గానీ ఒడ్డు చేరలేదు. హాజీ అందరి ముందూ నిన్ను పట్టుకుని, "నీ దూది తాగిన నీళ్ళలో నా పరువు మునిగిందిరా కోయా" అన్నాడు. "నా సందులు విప్పి చూడండి హాజీ, దూదిలో తడి కనిపిస్తే నా చెయ్యి నరకండి" అన్నావు నువ్వు. ఎవరూ విప్పలేదు. తొందర తొందరగా నాలుగు పలకలు మార్పించి ఓడని పంపేశాం. నేను నోరు మెదపకుండా నిలబడ్డాను.

ఆ తర్వాత రేవులో పుట్టిన మాట నీకూ వినబడే ఉంటుంది. "కోయ చేతి ఓడా? ఈత వచ్చినవాడే ఎక్కాలి!" నీకు పని ఇచ్చినవాడు లేడు. వానాకాలం రాకముందే మీరు ఊరు విడిచారు. ఆ రోజు బస్టాండుకి నేను రాలేదు.

పోయిన ఆగస్టులో చిన్న నూరాకి ఎడమవైపు పలకలు వంచుతున్నాను. ఏడో పలక దగ్గర, కొయ్య నా చేతిలోనే నిలువుగా బీటలు వారింది. అప్పుడు నాకు తట్టింది. అసలు నూరాలో కూడా ఏడో పలకకి నార అడ్డంగా పరిగెత్తింది, అది వంపుకి తట్టుకునే కొయ్య కాదు. నీళ్ళు వచ్చింది నీ సందులోంచి కాదు, నా పలకలోంచి. నాలుగు నెలలు ఆ ఓడని ముట్టుకోలేదు. మాళు అడిగితే కళ్ళు మసకలన్నాను. కొత్త కళ్ళజోడు అలా వచ్చిందే.

పోయిన శుక్రవారం రేవు దగ్గర టీకొట్టుకి వెళ్ళి, అందరూ వింటుండగా చెప్పేశాను, నూరా మునగబోయింది నా పలక వల్ల, కోయ తప్పు గోరంత లేదు అని. ఖలాసీల పెద్ద ఉస్సన్ మూప్పన్‌కి ఎనభై దాటాయి, చెవులు మాత్రం పాములవే. గ్లాసు కింద పెట్టి, "ఇన్నేళ్ళు నోట్లో ఏం కుక్కుకున్నావురా రారిచ్చా, కోయ దూదేనా?" అన్నాడు. ఒక్కడూ నవ్వలేదు. నేను డబ్బులిచ్చి వచ్చేశాను. హాజీ పోయి ఎనిమిదేళ్ళయింది, ఆయనకి చెప్పే వీలు లేదు. ఆయన కొడుకు దగ్గరకి మాత్రం వెళ్ళి చెప్పాను. ఆయన నాకు కుర్చీ వెయ్యలేదు. అదే న్యాయం.

చిన్న నూరా పలకలన్నీ ఎక్కాయి. సందులు అలాగే ఉంచాను. వాటిలో దూది పెట్టే హక్కు నాది కాదు. ఒక్క పూట వచ్చి కూర్చుంటావా? మాళు నీకిష్టమని ఆల్చిప్పలు తెప్పించి కల్లుమ్మక్కాయ వేపుడు చేస్తానంటోంది. ఆమెకి నేను పైన రాసినంతే తెలుసు.

కదీశుమ్మకి నా నమస్కారం చెప్పు. చెప్పడానికి మనసొప్పకపోతే మానెయ్యి.

ఎన్నటికీ నీ బాకీ తీర్చలేని,
రారిచ్చన్

తా.క. కోయా, ఈ ఉత్తరం ఇప్పటికి రెండుసార్లు చించి రాశాను. రెండుసార్లూ ఇక్కడికే వచ్చి ఆగిపోయాను. మాళు స్టాంపు కొనడానికి వెళ్ళింది. ఆమె వచ్చేలోపు రాయాలి.

చిన్న ఓడ నాకేమీ కొత్తగా చెప్పలేదు. అసలు నూరా ఏడో పలకలో బీటలు నేను ఓడ నీట దించకముందే చూశాను. కొత్త పలక రావాలంటే నెల పడుతుంది, మంచి పోటు దాటిపోతుంది. గుగ్గిలం, రంపపు పొట్టు కలిపి నేనే పూడ్చి, పైన నూనె రాశాను. మరమ్మతులో ఆ పలకని ఎవరి చేతికీ ఇవ్వకుండా నేనే ఊడదీసి, ముక్కలు చేసి, మా ఇంటి పొయ్యిలో పెట్టాను. టీకొట్టులో కూడా ఇది చెప్పలేదు.

ఇంకొకటి. నేను నోరు మెదపలేదని పైన రాశాను. అదీ అబద్ధమే. ఓడ ఒరిగిన రోజు హాజీ నీకంటే ముందు నా దగ్గరకే వచ్చి, ఏం జరిగింది మేస్త్రీ అని అడిగాడు. "కోయ సందులు చూడండి" అన్నాను. నీ పేరు మొదట ఎత్తింది నేను. నువ్వు ఇన్నేళ్ళూ హాజీని తిట్టుకుని ఉంటావు.

రావాలో వద్దో ఇది చదివాక తేల్చుకో.