రాజోలులో మళ్ళీ బీరు కాచాం

హెర్మన్ గారూ,

మీరు పోయిన ఇన్నేళ్ళకి, ఈ ఉదయం మన ఫ్యాక్టరీలో మళ్ళీ బీరు తీశాం. ఈ కబురు ముందు మీకే చెప్పాలనిపించింది.

జర్మనీలో నర్సుగా పనిచేసిన మన ఊరి అమ్మగారిని పెళ్ళాడి, ఆవిడ వెంట మీరు రాజోలు వచ్చేశారు. మీ నాన్నగారి దగ్గర నేర్చిన విద్యతో కాలవగట్టున చిన్న బీరు ఫ్యాక్టరీ పెట్టారు. మద్యనిషేధం వచ్చి దానికి తాళం పడినప్పుడు, మీరిక మీ దేశం వెళ్ళిపోతారనే అందరూ అనుకున్నారు. మీ దగ్గర పనిచేసే మా నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు మీరు అందర్నీ పిలిచి, "బీరు వద్దన్నారు. గ్యాసు వద్దన్లేదు కదండీ! అల్లం సోడా చేద్దాం," అన్నారు. ఒక్కరినీ పనిలోంచి తీసెయ్యలేదు. ఆ సోడా మీదే నేను చదువుకున్నాను, మన ఫ్యాక్టరీకే కెమిస్టునయ్యాను.

నిషేధం ఎత్తేసినా ఇన్నాళ్ళూ దొరకని లైసెన్సు ఈ ఏడు వచ్చింది. మీ పద్ధతి మా నాన్న పక్కన కూర్చుని చెబుతుంటే నేను కాచాను. మొదటి గ్లాసు అమ్మగారికిచ్చాం. చర్చి తప్పని మనిషి, మీరున్నన్నాళ్ళూ చుక్క తాగలేదు. ఒక గుక్క తాగి మొహం చిట్లించారు.

"ఈ చేదు కోసమా ఆయన అంత బెంగపెట్టుకున్నారు?"

"ఆయ్, అలవాటైతే బావుంటుందండీ," అన్నాడు నాన్న.

ఆవిడ గ్లాసు వంక చూశారు. "ఇది కూడా లేకుండా నా కోసం ఇక్కడే ఉండిపోయేరు," అని, మిగిలిందంతా మెల్లగా తాగేశారు.

మీ ఫ్యాక్టరీ అమ్మాయి,
సుజాత