పిడుగుగాడికి నీ గొంతు పంపొద్దు

అక్కా,

ఇక్కడ నేనూ, నువ్వు పెంచి నాతో పంపిన పిడుగుగాడూ బాగానే ఉన్నాం. ఫోన్లో చెబితే అరిచేస్తానని కార్డు రాస్తున్నా.

నిన్న సబ్బు యాడ్ షూటింగ్. అందులో వాడు తలుపు దగ్గర కూర్చుని యజమాని కోసం ఎదురుచూసే కుక్క. కెమెరా పక్కన నేను బిస్కెట్ ముక్క పట్టుకుని కూర్చోమంటే కూర్చున్నాడు, తల వంచమంటే వంచాడు. "అన్నీ బానే ఉన్నాయి, బెంగ ఏదోయ్?" అన్నాడు డైరెక్టరు. బెంగ బిస్కెట్లకి రాదన్నాను.

విరామంలో నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ వింటున్నా. "ఒరేయ్ పిడుగూ, తిన్నావురా?" అని నీ గొంతు వినపడగానే వాడు ఎగిరి లేచి సెట్టు తలుపు గీకేశాడు. దాని వెనక ఇల్లెక్కడిది, ఉత్త చెక్కలు. మూలమూలా వాసన చూసి, నువ్వు కనపడక నా కాళ్ల దగ్గర కుయ్యిమన్నాడు.

"ఇదే కావాలి! మళ్లీ వినిపించు!" అన్నాడు ఆ మహానుభావుడు. ఫోను జేబులో పెట్టేశా. "కుక్క చెప్పినట్టు వింటుంది, పొగరంతా నీకే" అన్నాడు. వచ్చే వారం షూటింగులో వినిపించకపోతే వేరే కుక్కని తెస్తాడట. తెచ్చుకోమన్నా. లేని మనిషి కోసం వాణ్ని ఎన్నిసార్లు తిప్పమంటాడు?

వాళ్ల మేనేజరు నీ గొంతు రికార్డు చేసి పంపమని ఫోన్ చేస్తాడు. నా మీద ఒట్టు, పంపకు. బావ నడుంనొప్పి తగ్గిందా? నా నీలం చొక్కా అక్కడే ఉందేమో చూడు. పాపకి ముద్దులు.

వీలు చూసుకుని నువ్వే ఒకసారి రావే. వాడొక్కణ్ని పిలిచినా చాలు, వాడికంటే ముందు నేనే పరిగెత్తుకొస్తా.

నీ తమ్ముడు